వెల్లకిలా పడుకోవలసిన మనిషి

బోర్లా తిరిగే ముందు మాంగ్ క్రిస్పులో నా వైపు ఎందుకు చూశాడు? రాసుకో అని చూశాడా, రాయొద్దని చూశాడా? ముప్ఫయ్యేళ్ళు కావస్తోంది. మనుషుల చూపులకు పేజీలకు పేజీలు అర్థాలు చెప్పే పుస్తకాలు ఎన్నో చదివాను. ఈ ఒక్క చూపు దగ్గర నా చదువు అక్కరకు రాలేదు.

క్రిస్పులో అన్నది ఆయన పేరు, మాంగ్ అన్నది పెద్దవాళ్ళకు మేమిచ్చే మర్యాద, ఆడవాళ్ళకయితే ఆలింగ్ అంటాం. ఆయన మనీలాలో, మురికి కాలువను ఆనుకుని ఉన్న ఒక పోలీసు స్టేషనులో ఊడ్చి తుడిచే మనిషి. పొట్టిగా, ఎండిన చింతకాయలా వంగి ఉండేవాడు. ఇరవైరెండేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. ఆరు నెలలకొక కాగితం వచ్చేది, మరో ఆరు నెలలు ఊడవడానికి అనుమతి ఇస్తూ. ఆ స్టేషనుకు ఆరుగురు అధికారులు మారారు, గోడల రంగు మూడుసార్లు మారింది, ఆయన కాగితం మీద ‘తాత్కాలికం’ అన్న మాట మాత్రం మారలేదు.

ఆయనకు ఇంకో పని కూడా ఉండేది. జీతం లేని పని. చావడం.

ఆ రోజుల్లో హత్యకేసులో ఎవణ్ణయినా పట్టుకుంటే పోలీసులు విలేకర్లను పిలిచి, ఎలా చంపాడో వాడిచేతే ఆడించి చూపించేవారు. అట్టకత్తో చెక్కతుపాకో చేతికిచ్చి, ఇటు తిరుగు, ఇప్పుడు పొడువు, అని పక్కనుంచి చెప్పేవారు. చంపినవాడు సరే, చచ్చినవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? శవం చోట పడుకోవడానికి ఏ పోలీసూ ఒప్పుకునేవాడు కాదు. అలా పడుకున్నవాడిదే తర్వాతి వంతని భయం. నడుముకు తుపాకీ కట్టుకున్న మొనగాళ్ళు కూడా ఆ నేల దగ్గరికి వచ్చేసరికి సిలువ గుర్తు వేసుకుని వెనక్కి తగ్గేవారు. మొదటిసారి ఎవడో, “క్రిస్పులోని పడుకోమనండి, ఆ నేల ఎలాగూ వాడే తుడవాలిగా,” అన్నాడట. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల ఎవరు హత్యకు గురైనా రెండోసారి చచ్చేది మాంగ్ క్రిస్పులోనే. తాగుబోతుగా చచ్చాడు, కసాయివాడిగా చచ్చాడు, ఒకసారి పొట్టమీద తలగడ కట్టుకుని గర్భిణిగా చచ్చాడు. ఆ ఫొటో పేపర్లో పడింది. దాన్ని గోడకు అంటించి, కొత్తగా వచ్చిన ప్రతి కానిస్టేబులుకూ చూపించి నవ్వేవారు.

తొంభైనాలుగులో మా చానలు వాళ్ళు ‘మూడో డ్యూటీ’ అని ఒక పోలీసు సీరియల్ తలపెట్టారు. తొలి సీజన్ పదమూడు వారాలు. అంతా నిజంలా ఉండాలని పంతం పట్టారు. సెట్ వద్దన్నారు, నిజం స్టేషనే కావాలన్నారు. శని ఆదివారాల్లో అక్కడే తీశారు. లాకప్పులో ఉన్న నిజం ఖైదీలకు తలా ఒక సిగరెట్టు పెట్టె ఇచ్చి, ఖైదీలుగా కూర్చోబెట్టారు. శవం కావలసినప్పుడల్లా మాంగ్ క్రిస్పులో ఉండనే ఉన్నాడు.

నా పని కొనసాగింపు చూడటం. ఒక షాటులో నటుడి చెయ్యి ఎక్కడుంది, గ్లాసులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, చొక్కా పై గుండీ పెట్టుకున్నాడా లేదా, ఇవన్నీ పుస్తకంలో రాసుకోవాలి. నిమిషంలో బొమ్మ చేతికొచ్చే కెమెరాతో ఒక ఫొటో కూడా తీసుకోవాలి. తర్వాతి షాటులో అవన్నీ అలాగే ఉండేట్టు చూడాలి. షాటుకీ షాటుకీ మధ్య నవల చదువుకోవచ్చు. అందుకే ఆ ఉద్యోగంలో చేరాను.

మొదటి వారం రక్తానికి మొక్కజొన్న పాకం వాడారు. మేమంతా ‘దిరెక్’ అని పిలిచే దర్శకుడికి అది నచ్చలేదు. “మెరుస్తోందయ్యా, మిఠాయి కొట్టులా. నాకు నిజం కావాలి,” అన్నాడు. రెండో వారంనుంచి మార్కెట్లో కోసిన పంది రక్తం, గడ్డకట్టకుండా వెనిగర్ కలిపి, బకెట్లలో తెచ్చారు. లైట్ల వేడికి గంట తిరిగేసరికి అది అంచుల్లో నల్లబడి పొక్కులు కట్టేది. కాలువలోని ఈగలన్నీ మా మీదే ఉండేవి. ఆ వాసన నా జుట్టులో, నా పుస్తకం కాగితాల్లో, నేను తెచ్చుకున్న అన్నంలో ఉండేది. ఆ రక్తం మాంగ్ క్రిస్పులో చెవిలోకి కారేది. ఆయన కదిలేవాడు కాదు. రెప్పమీద ఈగ వాలి నడిచినా కదిలేవాడు కాదు.

“చూశారా, జీతం తీసుకునే హీరో కన్నా వీడు నయం,” అనేవాడు దిరెక్.

బకెట్లో మిగిలినదాన్ని పారబొయ్యలేదు. వంటవాడు దాన్ని పేగులు, పచ్చిమిరపకాయలు వేసి కూర వండేవాడు. అది మా ఇళ్ళల్లో పండగకు వండుకునే కూరే. నేనూ చిన్నప్పటినుంచి తిన్నదాన్నే. అయితే నేలమీద పోసిందీ, పళ్ళెంలో పోసిందీ ఒకే బకెట్టని కళ్ళారా చూశాక ఎవరికి దిగుతుంది? నాకు తప్ప అందరికీ దిగింది.

“రండి, రండి, శవం వేడివేడిగా ఉంది,” అని గరిటెతో డేగిసా అంచు కొట్టేవాడు వంటవాడు.

“ముక్కలు మాంగ్ క్రిస్పులోవేనా?”

“ఆయనలో ముక్కలెక్కడివిరా, ఉన్నదంతా ఎముకే.”

“పులుసు పెట్టుకోండయ్యా,” అనేవాడు మాంగ్ క్రిస్పులో, రక్తం ఎండిన మొహంతో నవ్వుతూ. “ఇరవైరెండేళ్ళు పోలీసు నీళ్ళలో నానిన ఎముక. ఉప్పు కూడా అక్కర్లేదు.”

పేపర్లు మెచ్చుకున్నాయి. నిజాన్ని ఇంత నిర్భయంగా ఇంతవరకు ఎవరూ చూపించలేదని రాశాయి. నేను ఆ కత్తిరింపులను ఫైల్లో అంటించాను. అదీ నా పనే.

చావింటికి వెళ్ళినవాళ్ళం నేరుగా ఇల్లు చేరకూడదని మాకు పట్టింపు. దారిలో ఎక్కడో ఒకచోట ఆగి, ఏదో ఒకటి తిని, వెంటబడి వచ్చిన చచ్చినవాణ్ణి అక్కడ వదిలించుకుని పోవాలి. మాంగ్ క్రిస్పులో ప్రతి చావు తర్వాత ఒళ్ళు కడుక్కుని, మూలమీద ఆలింగ్ బసిల్యా గంజి బండి దగ్గర ఆగేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. నేనూ ఆకలికి అక్కడికే వెళ్ళేదాన్ని. ఆ వీధిలో పంది రక్తం వాసన లేని చోటు అదొక్కటే, అల్లం వాసన దాన్ని తరిమేది.

“ఏం క్రిస్పులో, ఇవాళ ఎవర్ని దింపి పోతావు నా దగ్గర?”

“బ్యాంకు మేనేజర్ని, ఆలింగ్ బసిల్యా.”

“పోనీలే, మర్యాదస్తుడు. మొన్న దింపిన దొంగ నా గరిటె ఎత్తుకుపోయాడు.”

అక్కడే ఒకసారి పర్సులోంచి ఒక చిన్న ఫొటో తీసి చూపించాడు. అరువు తెచ్చుకున్న కాలరు చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు. “గుర్తింపు కార్డుకు, మిస్,” అన్నాడు. “పేపర్లో నావి చాలా వచ్చాయి. బతికున్నది ఇదొక్కటే.”

స్టేషను అధికారి మేజర్ కింతోస్ ఆయనకు మాట ఇచ్చాడు. సీరియల్‌కు సలహాదారుగా తెరమీద పేరు పడేది ఈ మేజర్‌దే. సీజన్ అయిపోయేలోపు ఉద్యోగం పర్మనెంట్ చేయిస్తానన్నాడు. మాంగ్ క్రిస్పులో భార్యకు షుగరు పుండు పాదంనుంచి చీలమండకు ఎక్కుతోంది. పర్మనెంట్ మనిషి భార్యకయితే ప్రభుత్వాసుపత్రిలో మంచం దొరుకుతుంది, తాత్కాలిక మనిషి భార్యకు వరండా. ఆయన కోరుకున్నదల్లా ఆ మంచం. “మంచిగా చావు, నీ కాగితం నేను చూసుకుంటా,” అనేవాడు మేజర్, అందరి ముందూ వీపు చరిచి.

పదమూడో వారానికి దిరెక్ రెనాంటె కేసు ఎంచుకున్నాడు.

రెనాంటె ఐసు ఫ్యాక్టరీ లారీ డ్రైవరు. ఇరవయ్యారేళ్ళవాడు. ఆ సంవత్సరమే జనవరిలో ఫ్యాక్టరీ వెనక శవమై దొరికాడు. వారంలోగా ఒనోఫ్రె అనే సైకిల్‌రిక్షా మనిషిని పట్టుకొచ్చారు. ఇద్దరం తాగి, ఎదురెదురుగా కత్తులు దూసుకున్నామని అతను ఒప్పుకున్నాడన్నారు. విలేకర్ల ముందు అలాగే ఆడించారు కూడా. అతను జైల్లో ఉన్నాడు. విచారణ ఇంకా నడుస్తోంది. నడుస్తున్న కేసును ఎలా తీస్తాం అని ఒక రచయిత అడిగితే, “అందుకే కదా చూస్తారు,” అన్నాడు దిరెక్. ఆ తర్వాత నా వైపు తిరిగి, “నువ్వు పుస్తకాల పురుగువి కదా, వివరాలు తెచ్చిపెట్టు. శవం ఎలా పడి ఉందో క్రిస్పులోని అడుగు. మోసింది వాడేనట,” అన్నాడు.

గంజి బండి దగ్గర అడిగాను.

“రెనాంటె ఎలా పడి ఉన్నాడు, మాంగ్ క్రిస్పులో?”

“ఎప్పుడు?”

“ఎప్పుడేమిటి?”

“నేను మొదట చూసినప్పుడా, పడుకుని చూపించినప్పుడా?”

గంజిలో నిమ్మకాయ పిండుకుని, గింజలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. “చూపించినప్పుడు వెల్లకిలా, మిస్. చేతులు బారజాపి. కుడిచేతిలో కత్తి. ఎదురెదురుగా పొడుచుకున్నారుగా మరి.”

“మొదట?”

“బోర్లా.” గంజి ఊదుకున్నాడు. “చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి. నైలాన్ తాడు, చేపల పెట్టెలకు కడతారే, అది. దెబ్బ వీపులో. శవాల బండి రాలేదు. మేజర్ తాడు కొయ్యమన్నాడు, చెత్తబండి తెమ్మన్నాడు. నేనే కోశాను. నేనే తోశాను. నేల కూడా నేనే కడిగాను.”

నా పుస్తకం ఒళ్ళో తెరిచే ఉంది. కలం మూత తీసే ఉంది. ఆయన ఒకసారి దానివైపు చూసి మళ్ళీ గంజివైపు చూశాడు. నేను పుస్తకం మూశాను. గంజి చల్లారిపోతోంది, తినండి, అన్నాను. ఆలింగ్ బసిల్యా మేమేదీ అడగకుండానే ఇద్దరి గిన్నెల్లో ఇంకో గరిటె పోసి, అటు తిరిగి ఉల్లికాడలు తరుగుతూ నిలబడింది.

మర్నాడు దిరెక్‌కు రాసిచ్చాను. వెల్లకిలా, చేతులు బారజాపి, కుడిచేతిలో కత్తి. పోలీసు ఫైల్లో ఉన్నదే అది. దానికి నేను గంజి బండి దాకా పోనక్కర్లేదు.

చివరి షూటింగు ఆదివారం. స్టేషను వెనక జీపుల షెడ్డును ఐసు ఫ్యాక్టరీగా మార్చారు. ప్రచారం చూసే మనిషి రెనాంటె తల్లి ఆలింగ్ ఇస్కాను పిలిపించాడు. “నిజం తల్లి. నిజం కన్నీళ్ళు. ఏ చానలుకు దొరుకుతుంది?” అని విలేకర్లకు చెబుతున్నాడు, ఆమె వినేట్టుగానే. ఆమెకు ఒక మడత కుర్చీ వేశారు. కుర్చీ వీపు మీద ఎవరో నటి పేరు రాసి ఉంది. నల్ల గౌనులో చిన్న మనిషి, ఒళ్ళో గుడ్డసంచి. హత్యకు గురైనవాడి శవపేటిక మీద మావాళ్ళు ఒక కోడిపిల్లను వదిలి నూకలు చల్లుతారు. అది పొడిచే ప్రతి పోటూ చంపినవాడి గుండెలో పడాలని. ఒనోఫ్రె దొరికాక కూడా ఈమె పిల్లను తియ్యనివ్వలేదట. చంపినవాడు దొరికాడుగా, ఇంకా ఎందుకమ్మా, అని కానిస్టేబులు అడిగితే, “దొరికినవాడికోసం కాదు, నాయనా,” అందట. ఈ సంగతి స్టేషనులో జోకుగా చెప్పుకునేవారు.

పొద్దున దూరం షాటు తీశారు. మాంగ్ క్రిస్పులో వెల్లకిలా పడుకున్నాడు. బకెట్టు పోశారు. నేను ఫొటో తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

భోజనాల వేళ ఆలింగ్ ఇస్కాకు కాగితపు పళ్ళెంలో అన్నం, దాని మీద ఆ నల్లటి కూర పెట్టి ఇచ్చారు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆమె పళ్ళేన్ని, నేలనూ మార్చి మార్చి చూసింది. మాంగ్ క్రిస్పులో వెళ్ళి ఆమె చేతిలోది తీసుకుని, తన ఉడికిన గుడ్డు ఆమె చేతిలో పెట్టాడు.

“అది వద్దమ్మా. ఇది తినండి.”

“మీరేనా మావాణ్ణి మోసింది?”

“నేనే.”

“బరువున్నాడా?”

“లేడమ్మా. తేలిగ్గానే వచ్చాడు.”

ఆమె గుడ్డు పెంకు గోటితో గిల్లింది. “స్నానం చేయించినప్పుడు మణికట్ల చుట్టూ నల్లటి గీతలు. ఇదిగో, ఇంత మేర. అవేమిటని అందర్నీ అడిగాను. చూడలేదు అన్నారు. మీరు చూశారా?”

ఆయన వెళ్ళి ఆమె పళ్ళెంలోని కూరను కాలువలో పారబోసి వచ్చాడు.

మధ్యాహ్నం దగ్గర షాట్లు. మేజర్ కింతోస్ ఇస్త్రీ యూనిఫారంలో, విలేకర్లతో వచ్చి నిలబడ్డాడు. ఉద్యోగం కాగితం తెచ్చాడు. ఆఖరి షాటు అవగానే ఫొటోల ముందు సంతకం చేసి చేతికిస్తాడట. షెడ్డు మూల బల్లమీద దాన్ని పరిచి, ఎగరకుండా టీ కప్పు పెట్టాడు.

“మాంగ్ క్రిస్పులో, పొద్దుటి చోటే, పొద్దుటి పడకే,” అని కేక వేశాడు ఎవడో. మళ్ళీ బకెట్టు పోశారు.

ఆయన ఆ మడుగులో గొంతుక్కూర్చున్నాడు. అప్పుడే నా వైపు చూశాడు. తొందరేమీ లేదు ఆ చూపులో. నేను కలం పట్టుకుని ఉన్నాను. తర్వాత మెల్లగా బోర్లా తిరిగి, చెంప రక్తానికి ఆనించి, రెండు చేతులూ వెనక్కి తీసుకుని, మణికట్టు మీద మణికట్టు పెట్టుకున్నాడు. కళ్ళు తెరిచే ఉంచాడు.

“ఏంటి పెద్దాయనా, నిద్రొచ్చిందా? అటు కాదు, ఇటు,” అన్నాడు లైట్ల మనిషి. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆలింగ్ ఇస్కా కుర్చీలోంచి లేచింది. “అలాగే,” అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. “వాణ్ణి అలాగే చేశారు.”

“తియ్యండి, తియ్యండి, కెమెరా ఆపొద్దు,” అన్నాడు దిరెక్. ఆయనకు ఏదీ అర్థం కాలేదు, బొమ్మ బాగుంది, అంతే. టేపు తిరుగుతూనే ఉంది. నిమిషం తర్వాత అనుమానం వచ్చి వెనక్కి తిరిగాడు. “పొద్దున ఎలా ఉన్నాడు వీడు?”

మేజర్ నా వైపు చూశాడు. అందరూ నా వైపు చూశారు. నేలమీద ఉన్న ఆయన ఒక్కడే చూడలేదు, చచ్చినవాడు చూడడు. గుర్తులేదు అనవచ్చు. ఫొటో సరిగా రాలేదు అనవచ్చు. బోర్లా అని కూడా అనవచ్చు, జేబులో ఉన్నది ఎవరూ తీసి చూడబోరు.

“వెల్లకిలా, సార్,” అన్నాను.

అది అబద్ధం కాదు. నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నీ ఒక్కచోట పోసినా అంత నీచంగా ఉండవు.

“తిరుగు, క్రిస్పులో,” అన్నాడు మేజర్. ఆయన తిరగలేదు. మేజర్ ఆయన దగ్గరికి వెళ్ళి, బూట్లకు రక్తం అంటకుండా చూసుకుంటూ వంగాడు. “కాగితం అక్కడుంది. సంతకం ఒక్కటే తక్కువ. ఇంటిదాని కాలు గుర్తుంది కదా?” ఆయన తిరగలేదు. రెప్పమీద ఈగ నడిచింది. రెప్ప కొట్టలేదు.

చివరికి ఇద్దరు మనుషులు భుజమొకరు, కాలొకరు పట్టుకుని తిప్పారు. ఆయన అడ్డు చెప్పలేదు, సాయమూ చెయ్యలేదు. నిజం శవంలా, బియ్యం బస్తాలా పొర్లాడు. చెయ్యి నేలకు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. కుడిచేతిలో కత్తి పెట్టారు. వేళ్ళు మూసుకోలేదు, కత్తి జారిపోయింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ జారింది. మూడోసారి దిరెక్‌కు విసుగొచ్చి, “కట్టెయ్యండయ్యా, కెమెరాకు కనబడని వైపునుంచి,” అన్నాడు. చుట్టూ చూస్తే ఐసు ఫ్యాక్టరీ కోసం తెచ్చిన చేపల పెట్టెలు ఉన్నాయి. వాటి తాడు విప్పి, కత్తిని ఆయన చేతికి కట్టారు. నైలాన్ తాడే. షెడ్డులో ఉన్న అంతమందిలో ఆ తాడు సంగతి తెలిసినవాళ్ళం ఆయనా, మేజరూ, నేనూ.

ఆలింగ్ ఇస్కా ఏడుస్తోంది. ప్రచారం మనిషి, “ఇప్పుడు, ఇప్పుడు తీసుకోండి,” అని విలేకర్లను అటు తోలాడు.

షాటు బాగా వచ్చింది. ఆ సీజన్‌కు బహుమతులొచ్చాయి. శవాన్ని అంత నిజంగా చూపించినందుకు దిరెక్‌ను ప్రత్యేకంగా పొగిడారు. బోర్లా ఉన్న షాటుకు ఎదురుగా ‘పనికిరాదు’ అని రాసింది నేనే. పనికిరాని టేపుల మీద తర్వాత పాటల పోటీ ఎక్కించారు. మరుసటి ఏడు ఒనోఫ్రెకు యావజ్జీవం పడిందని పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు చదివాను. ఎవరూ కత్తిరించి అంటించమనలేదు.

ఆ రోజు కట్ అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. తొలి సీజన్ అయిపోయింది మరి. ఎవరో కేకు తెచ్చారు. కేకు మీద ఎర్ర క్రీముతో తుపాకీ గీసి ఉంది. ఆ సందట్లో మాంగ్ క్రిస్పులో లేచి కూర్చుని, చేతి తాడు ముడి పళ్ళతో విప్పుకున్నాడు. కుళాయి దగ్గర మొహం, చెవులు, మెడ కడుక్కున్నాడు. గోడకు ఆనించిన తన చీపురును అక్కడే ఉండనిచ్చాడు.

“రావయ్యా, ఇలా వచ్చి నవ్వు,” అని మేజర్ బల్ల దగ్గరనుంచి పిలిచాడు, కలం మూత తీసి. కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి.

ఆయన బల్ల పక్కనుంచే నడిచాడు. కాగితం వైపు, మేజర్ వైపు, నా వైపు, ఎటూ తల తిప్పలేదు. చొక్కా వీపంతా ఇంకా ఎర్రగానే ఉంది. నేను గేటుదాకా వెళ్ళాను.

మూలమీద ఆలింగ్ బసిల్యా ఆయన్ను చూసి, రోజూలాగే గిన్నె కడిగి, గంజి పోసి, మీద ఉల్లికాడలు చల్లి పట్టుకుంది.

“ఎవరు ఇవాళ?” అని అడిగింది.

ఆయన ఆగలేదు. ఎవర్నీ అక్కడ దింపలేదు. బండి దాటి, రోడ్డు దాటి, నేరుగా ఇంటివైపు నడిచి వెళ్ళిపోయాడు.